ఆరో గాదెలో దీపం

జూన్ 3

మావయ్యకు, నీ బెంగమ్మ రాస్తున్నది.

ముందుగా, ఇక్కడ అందరం బాగున్నాం. ఈ ముక్క మొదట్లోనే రాయకపోతే నువ్వు ఉత్తరం చివరిదాకా దాని కోసమే వెతుక్కుంటావు. అమ్మకు మోకాళ్ళ నొప్పి మామూలే. మేడ మీది వాటా వాళ్ళతో తగువు కూడా మామూలే.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం వెనకాలే లారీ పార్సిల్లో ఒక చెక్కపెట్టె వస్తుంది. అందులో ఊక మధ్య మూడు గాజు బుడ్లు ఉంటాయి, ఒక్కోటీ కొబ్బరికాయంత. ఊక నువ్వే తియ్యి, అత్తయ్య చేతికివ్వకు. ఆవిడ చేతిలో గాజు సామాను ఎన్నాళ్ళు బతుకుతుందో మనిద్దరికీ తెలుసు.

ఆ బుడ్లలో నేను నాలుగేళ్ళుగా పెంచుతున్న సూక్ష్మజీవులున్నాయి. సముద్రంలో కొన్ని చేపల ఒంట్లో కాపురముండి, చీకట్లో వాటంతట అవే వెలుగుతాయి. తీగ లేదు, నిప్పు లేదు, వేడి లేదు. బుడ్డి పగిలినా రవ్వ పుట్టదు. రోజూ ఒక చెంచా మేత పోసి (సీసా పెట్టెలోనే ఉంది) ఒకసారి ఆడిస్తే పది గంటలు నీలంగా వెలుగుతాయి. బుడ్డి మూతికి సన్నని పొర ఉంటుంది, గాలి అందులోంచే లోపలికి వెళ్ళాలి. దాన్ని గుడ్డతో కట్టెయ్యకండి.

ఈ దీపం ముందుగా ఎక్కడ వెలగాలని నేననుకున్నానో నీకు చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ళ కిందట మీ గాదెలో బల్బు పగిలి, గాల్లో తేలే ధాన్యపు దుమ్ము అంటుకుని పేలి నీ చెవులు పోయిన రోజు నేను ఆసుపత్రికి వచ్చి ఏడుస్తుంటే, నువ్వు "కాస్త గట్టిగా ఏడవ్వే, వినపడట్లేదు" అన్నావు. అందరూ నవ్వారు. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు.

మా లాబు పెద్దమేడం మూడు నెలలు గడువిచ్చింది. మామూలు దీపం ప్రమాదమైన చోట పనివాళ్ళే వాడి మార్కులు వేయాలట. పెట్టెలో ఐదు వరుసల అక్షరాల అట్ట ఉంది. దీపం వెలుగులో ఎన్ని వరుసలు చదవగలిగితే అన్ని మార్కులు. సగటు నాలుగు దాటితే మా దీపం నిలుస్తుంది. లేకపోతే ఈ పని మూసేసి నన్ను సీసాలు కడిగే గదికి పంపిస్తారు. అన్నీ ఉన్నదున్నట్టు రాయి మావయ్యా.

నీ బెంగమ్మ

*

జూన్ 14

బెంగమ్మకు, తాడు మావయ్య ఒక లాగుడు లాగి రాస్తున్నది.

ఒక లాగుడంటే గుర్తుందా? గాదెలోకి దిగినవాడు నేను వంద లెక్కపెట్టేలోగా తాడు ఒకసారి లాగాలి. బాగానే ఉన్నానని అర్థం. లాగలేదంటే నేనే అతణ్ణి పైకి లాగేస్తాను. మన ఉత్తరాలూ అంతే. నెలకొక లాగుడు రాకపోతే మీ అత్తయ్య నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంది, ఆ చెవి పనిచేయదని తెలిసి కూడా.

పెట్టె క్షేమంగా చేరింది. ఊక నేనే తీశాను. మీ అత్తయ్య పక్కన నిలబడి "నేను ముట్టుకుంటే పగిలిపోతాయని రాసిందా?" అని అడిగింది. వినపడనట్టు ఊరుకున్నాను. చెవుడుకు ఈ ఒక్క సుఖం ఉంది.

సూపర్‌వైజర్‌కి చూపిస్తే బుడ్డిని అటూ ఇటూ తిప్పి "స్విచ్చి ఎక్కడ?" అన్నాడు. పెదాలు చూసి తెలుసుకున్నాను. లేదన్నాను. "మరి ఆపడం ఎలా?" అన్నాడు. దానికి జవాబు నువ్వే రాయి.

మా గాదెలు నీకు తెలిసినవే, ఆరంతస్తుల సిమెంటు గొట్టాలు, అవే ఆరు. వాటిలోకి ఇప్పుడు దిగేది పొట్టోడు. నువ్వు వెళ్ళాక చేరాడు. నలభై దాటినవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. గాదె మూతిలో సరిగ్గా పడతాడని ఉద్యోగమిచ్చారు. గోడలకు అంటుకున్న ధాన్యం గోకి కిందికి రాల్చడం అతని పని. అడుక్కి వెళ్ళి నీ అట్ట చదివి, పైకొచ్చి నాకు వేళ్ళు చూపిస్తాడు. ఎన్ని వేళ్ళయితే అన్ని మార్కులు నోటుబుక్కులో రాస్తున్నాను.

ఒకటి నుంచి ఐదో గాదె వరకూ ఐదులే. ఆరో గాదె అడుగున మాత్రం మూడు. పొట్టోడు తిండి సరిగ్గా తినక కళ్ళు మసకబారి ఉంటాయి. నువ్వు దీనికి బెంగపెట్టుకోకు. పెట్టుకుంటావని తెలుసు, అయినా రాయడం నా ధర్మం.

మావయ్య

*

జూన్ 22

మావయ్యా,

మూడా?

ఏ బుడ్డి తీసుకెళ్ళారు? మేత పోశారా? ఆడించారా? ఆరో గాదెకు దుమ్మెక్కువా? పెద్దమేడం ఆ మూడు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే ఎవరికో మూడిందని ఇక్కడ అందరికీ తెలుసు. "లోతుకు వెళ్ళాక మసకబారేదాన్ని దీపమని ఎలా అంటాం?" అంది.

రెండు రోజులు ఆలోచించి ఒకటి కనిపెట్టాను. సూపర్‌వైజర్‌గారు ఆపడం ఎలా అని అడిగారు కదా, జవాబు ఇది. మూతి మీద బొటనవేలు పెట్టి మూస్తే కాసేపటికి ఆరిపోతుంది, వేలు తీస్తే మళ్ళీ వెలుగుతుంది. ఆరో గాదెలో దుమ్ము ఆ వేలు పని చేస్తున్నట్టుంది. మూతి పొరకు దుమ్ము పట్టి గాలి అందక మసకబారుతోంది. కవర్లో మెత్తని కుంచె పెట్టాను. దించే ముందు మూతి తుడవండి.

ఒట్టి మూడుకే ఇంత గోల చేస్తున్నానని నవ్వుకుంటావు. నవ్వుకో. అమ్మ కూడా నవ్వుతోంది, కానీ అన్నం దగ్గర నా కంచం వైపే చూస్తోంది. ఈ దీపం పోతే నాకు మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేదు.

నీ బెంగమ్మ

*

జూలై 2

బెంగమ్మకు ఒక లాగుడు.

నీ కుంచె పని చేసింది. ఆరో గాదెలో ఇప్పుడు ఐదు. ఐదంటే మామూలు ఐదు కాదు. పొట్టోడు అట్ట అంచున చీమంత అక్షరాల్లో అచ్చేసినవాళ్ళ పేరు కూడా చదివేశాడట. ఇక నువ్వు కడుపునిండా తిను. పెద్దమేడం కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదికి ఎక్కించుకోమని చెప్పు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మీ అత్తయ్య ఒక బుడ్డిని సెలవురోజు ఇంటికి తెమ్మని, వంటింటి మూల పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. నా చేతిలో పొంగి ఉంటే వారం రోజులు వినాల్సొచ్చేది. నీ పురుగుల పుణ్యమా అని తప్పు ఎవరిదీ కాకుండా పోయింది.

నోటుబుక్కు నకలు దీంతో పంపుతున్నాను.

మావయ్య

*

జూలై 11

మావయ్యకు,

వాటిని పురుగులనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? సరే, ఇవాళ్టికి ఏమన్నా పడతాను.

నీ నోటుబుక్కు చూసి పెద్దమేడం తల ఊపింది. ఆవిడ లెక్కలో అది చప్పట్లతో సమానం. కానీ పనివాళ్ళు రోజూ మూతి తుడుస్తూ కూర్చోరని అంది. అదీ నిజమే. అందుకని తొమ్మిది రోజులు ఇల్లు మర్చిపోయి కొత్తరకం చేశాను. వీటికి మూతి లేదు. బుడ్డి కిందే గాలి నింపిన రబ్బరు తిత్తి ఉంటుంది, ఐదు గంటలకు సరిపడా. తమ గాలి తామే మోసుకెళ్తాయి కాబట్టి దుమ్ము ఏమీ చేయలేదు. నీళ్ళలో ముంచినా వెలుగుతాయి, ముంచి చూశాను. ఆరు పంపుతున్నాను. ఇక అన్ని గాదెల్లోనూ ఇవే వాడండి.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మా లెక్కలు చూసే ఆమె నీ నోటుబుక్కు తిప్పి "ముప్ఫై ఒక్కసార్లు చూస్తే ముప్ఫైసార్లూ ఐదేనా? మీ మావయ్యగారికి నాలుగు రాయడం రాదా?" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. అన్నీ నిజంగా ఐదులేనా మావయ్యా?

నువ్వు మాత్రం గాదెలోకి దిగకు. అత్తయ్యకు ఇచ్చిన మాట గుర్తుంది కదా.

నీ బెంగమ్మ

*

జూలై 21

బెంగమ్మకు,

నీ ప్రశ్న చదివి రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను. మీ లెక్కలామెకు నాలుగేం, నలభై కూడా రాయడం వచ్చని చెప్పు. పాతికేళ్ళు తాడు పట్టుకున్న చేతిని నీ నోటుబుక్కు అనుమానిస్తోందా అని జవాబు రాయడం కూడా మొదలుపెట్టాను. మీ అత్తయ్య అది చదివి, చించి, "ఉన్నది రాయండి" అంది. చించిన ముక్కలు కూడా పోస్టు చేద్దామనుకున్నాను.

ఉన్నది ఇది. ఆరో గాదెలో మొదటి మూడు తర్వాత ఐదు ఒక్కసారీ రాలేదు. కుంచెతో తుడిచినా రాలేదు. రెండు, రెండు, ఒకటి, ఒకటి. ఆఖరిసారి అసలు ఆరిపోయింది. పొట్టోడు పైకొచ్చి వేళ్ళు ముడిచి పిడికిలి చూపించాడు. నేను ఐదు రాశాను. తమాషా ఏమిటంటే, పైకి తెచ్చి నేను ఇరవై లెక్కపెట్టేసరికి అదే బుడ్డి మళ్ళీ దివ్యంగా వెలిగేది. నీలాగే అదీ భయస్తురాలు, ఆ గాదె అడుగు చూస్తే గుండె జారిపోతుందనుకున్నాను. పైన వెలుగుతోంది కదా, ఐదు రాస్తే పెద్ద అబద్ధమేమీ కాదనిపించింది. నీ కంచం ఖాళీ అవుతోందో లేదో నాకు ఇక్కడి నుంచి కనపడదు మరి.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నా అబద్ధం నిజమైపోయింది. నీ కొత్త దీపాలు పదిహేడున వచ్చాయి. ఆరో గాదె అడుగున కూడా ఐదు. ఒట్టు. పొట్టోడు చెయ్యి మొత్తం తెరిచి చూపించాడు.

ఇంకో సంగతి కూడా దాచాను. ఆరో గాదె నుంచి వచ్చినప్పుడల్లా పొట్టోడికి తలనొప్పి. మొన్న మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆ నీలం వెలుగు వల్లేనని ఎవరైనా అంటే నీ దీపానికి చెడ్డపేరని, నోరు మూసుకుని ఉండమన్నాను. మంచివాడు, సరేనన్నాడు. నాకు మాత్రం ఆ గాదెలో వాన కారి ధాన్యం నాని పులిసిన వాసనకే ఆ తలనొప్పి అనిపిస్తోంది.

ఆ పులిసిన ధాన్యం ఎత్తి పోయడానికి ఇరవయ్యేడున, ఉదయం పది తర్వాత దించుతున్నాం. ఎప్పుడూ అయితే ముందురోజు మూతులన్నీ తెరిచి పెద్ద ఫ్యాను పెడతాం. దాని మోటారు బాగుచేయడానికి వెళ్ళింది. ఇంత మంచి దీపాలుండగా ఇంకా ఆగడం దేనికని సూపర్‌వైజర్ తొందర. పాత బుడ్డి ఒకటి మాత్రం నేను వదల్లేదు. తాడు కొక్కేనికి కట్టే ఉంచాను. దిగినన్నాళ్ళూ వాడికి తోడున్నది, పక్కన పడేయడానికి చెయ్యి రాలేదు.

తిట్టదల్చుకుంటే తిట్టు. ఉత్తరంలో తిడితేనే నాకు పూర్తిగా వినపడేది.

మావయ్య

*

జూలై 27, ఉదయం పది దాటింది

మావయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పొట్టోణ్ణి దించకు. ఎవర్నీ దించకు. దీపానికి ఏమీ కాలేదు. అక్కడ గాలి లేదు.

మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. గుమస్తా ఎత్తాడు. పని మొదలైందా అంటే కిటికీలోంచి చూసి "మీ మావయ్యగారు తాడు పట్టుకుని ఉన్నారండీ" అన్నాడు. కేకేస్తే వినపడదు, కాగితం మీద పెద్దక్షరాలతో రాసి కళ్ళ ముందు పెట్టమన్నాను. "కొత్తది కాదు, పాత దీపం చూడు. ఆరిపోతే లాగు." రాసుకుని నాకు తిరిగి చదివి వినిపించాడు. వెళ్ళొచ్చి ఫోన్ చేస్తానన్నాడు.

పదీ ఇరవై. ఫోన్ రాలేదు. ఈ ఉత్తరం నీకు సమయానికి చేరదని తెలుసు. చేతులు ఊరికే ఉండలేక రాస్తున్నాను.

అవి మనలాగే గాలి పీల్చి బతుకుతాయి మావయ్యా. పులిసిన ధాన్యం అడుగున ఉన్న మంచి గాలిని తినేసి చెడ్డ గాలి వదులుతుంది. అది బరువు, అక్కడే ఉండిపోతుంది. మూడు, రెండు, ఒకటి అంటే గాలి రోజురోజుకీ తరిగిపోతోందని. పైకి తెస్తే వెలిగిందని నువ్వు ఒక్క ముక్క రాసి ఉంటే నాకు తెలిసిపోయేది. నేను మాత్రం? మూతి మూస్తే ఆరుతుందని నీకు రాసింది నేనే. రాసి కూడా దుమ్మనుకున్నాను, ఎందుకంటే దుమ్మయితే నేను బాగుచేయగలను.

దీపం ఆరిపోతే చీకట్లో పని చేయలేక పొట్టోడు పైకి వచ్చేసేవాడు. అదే వాణ్ణి ఇన్నాళ్ళూ కాపాడింది. నేను దానికి తిత్తి కట్టి, ఏమీ లేనిచోట కూడా వెలిగేలా చేసి పంపాను. ఇప్పుడు వాడికి అడుగున అట్ట ఐదు వరుసలూ కనిపిస్తాయి.

పదీ నలభై. మళ్ళీ చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి ఏమైందని అడుగుతోంది. ఏమని చెప్పను?

పదకొండున్నర. ఎవరో ఎత్తారు. గొంతు తెలియదు. "గాదెల దగ్గరికి అంబులెన్సు వచ్చిందండీ, నాకేం తెలీదు, అందరూ అక్కడే ఉన్నారు" అని పెట్టేశాడు. ఎవరి కోసమో అడిగే లోపలే.

బస్సుకు బయల్దేరుతున్నాను. ఇది పోస్టు చేయను. నా చేత్తోనే తెస్తాను.

*

ఆగస్టు 9

అమ్మాయికి,

దస్తూరీ చూసి కంగారుపడకు. చేతులకు కట్లు ఉన్నాయి కాబట్టి నేను చెప్తుంటే మీ అత్తయ్య రాస్తోంది.

నువ్వు మూడు రోజులున్నావు. ఆసుపత్రి బెంచీ మీద నా పక్కన కూర్చుని నీ ఉత్తరం నా ఒళ్ళో పెట్టావు. చదివాను. ఇద్దరం ఎదురుగోడ చూస్తూ కూర్చున్నాం. మనకు ఎదురుబదురుగా మాట్లాడుకోవడం రాదు. ఆ రోజు ఏం జరిగిందో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

పదింబావుకు పొట్టోడు దిగాడు. చేతిలో కొత్త దీపం, నడుము దగ్గర కొక్కేనికి పాతది. మొదటి వందలో ఒకసారి లాగాడు. గట్టి లాగుడే. రెండో వంద మొదలుపెట్టాను. తాడు పట్టుకున్నప్పుడు నేను వెనక్కి తిరగనని నీకు తెలుసు. గుమస్తా వెనక నుంచి అరిచాడట, భుజం తట్టాడట, విదిలించుకున్నాను. చివరికి గాదె మూతి మీదికి వంగి, నా ముక్కుకు ఆనేలా కాగితం పట్టాడు. చదివి కిందికి చూశాను. కొత్తది దివ్యంగా వెలుగుతోంది. నువ్వు నాలుగేళ్ళు కష్టపడి చేసిన ఆ వెలుగులో పాత బుడ్డి స్పష్టంగా కనపడింది. నల్లగా ఉంది.

అప్పటికి నా లెక్క అరవైలో ఉంది. వంద అయ్యేదాకా నేను లాగేవాణ్ణి కాదు. పాతికేళ్ళుగా అదే లెక్క.

లాగడం మొదలుపెట్టగానే తాడు బరువు మారిపోయింది. నిద్రపోయిన పిల్లను ఎత్తుకుంటే ఎంత బరువో అంత. గుమస్తా కూడా పట్టాడు. తాడు జారి అరచేతుల తోలు ఊడొచ్చింది. అప్పుడు తెలియలేదు.

(ఇది ఆయన చెప్పలేదు, నేను రాస్తున్నాను. రోజూ కూర్చుని అరవై దాకా లెక్కపెట్టి ఆగిపోతున్నారు. మళ్ళీ ఒకటి నుంచి మొదలెడుతున్నారు. అన్నం తింటూ కూడా. - అత్తయ్య)

పొట్టోడు నిన్న ఇంటికొచ్చాడు. నడుస్తున్నాడు. మాటలు మాత్రం తడబడుతున్నాయి, పెద్దకూతుర్ని చిన్నదాని పేరుతో పిలుస్తున్నాడు. నెమ్మదిగా తగ్గుతుందని డాక్టరు అంటున్నాడు. నేను వెళ్ళి వాడి మంచం పక్కన కూర్చుని, తలనొప్పి దాచమన్నందుకు తప్పు నాదే అన్నాను. వాడు చెయ్యెత్తి ఐదు వేళ్ళూ చూపించాడు. ఓదార్చడానికో, ఎగతాళికో నాకు తెలియలేదు. రెండిట్లో ఏదైనా భరించలేకపోయాను.

నోటుబుక్కులో ఆ ఐదు ఐదులూ కొట్టేసి అసలు మార్కులు వేయించాను. పక్కన నా సంతకం ఉంది, కట్టుతో పెట్టింది కాబట్టి కాకిగీతల్లా ఉంటుంది. పంపుతున్నాను. మీ పెద్దమేడానికి ఇవ్వు. ఇస్తే నీకేమవుతుందో తెలుసు. అయినా ఇవ్వు.

మావయ్య

*

ఆగస్టు 19

మావయ్యకు, అత్తయ్యకు,

ఇచ్చాను.

పెద్దమేడం మొత్తం చదివింది. కళ్ళజోడు తీయలేదు. కొత్తరకం దీపాలన్నీ వెనక్కి రప్పించి పగలగొట్టమంది, అది నేనే అడిగాను కూడా. ఒకసారి అబద్ధమైన నోటుబుక్కును మళ్ళీ నమ్మలేమంది. దీపం పని మూసేశారు. సోమవారం నుంచి నేను సీసాలు కడిగే గదిలో ఉన్నాను. వేణ్ణీళ్ళు, పెద్ద తొట్టి, కిటికీ ఒకటి ఉంది. మనుషులు మంచివాళ్ళు. చెప్పుకోవడానికి బెంగ పెద్దగా ఏమీ లేదు, అదే నాకు కొత్తగా ఉంది.

ఒక్కటి రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. మన మధ్య ఇక దాపరికం వద్దు కాబట్టి రాస్తున్నాను. నీ అసలు మార్కులతో సగటు కట్టాను. నాలుగు పాయింట్ మూడు వచ్చింది. నువ్వు ఉన్నదున్నట్టు రాసినా మా దీపం నెగ్గేది మావయ్యా.

నిన్ను బాధపెట్టడానికి కాదు. నీ మీద నాకు కోపం వచ్చింది. బస్సులో వచ్చేటప్పుడంతా వచ్చింది, నా మీద వచ్చినంత. ఆసుపత్రిలో నీ చేతులు చూశాక అది ఎటు పోయిందో తెలియదు. అప్పుడప్పుడు సీసాలు కడుగుతుంటే మళ్ళీ వస్తుంది. కడిగేసరికి పోతుంది.

నెలాఖరులోగా మొత్తం తొమ్మిది బుడ్లూ వెనక్కి పంపాలి. పాతవి కూడా. రసీదు మీద నీ సంతకం కావాలి.

పొట్టోడి మాటలు ఎలా ఉన్నాయో తప్పకుండా రాయి.

నీ బెంగమ్మ

*

ఆగస్టు 30

బెంగమ్మకు, తాడు మావయ్య తన చేత్తోనే రాస్తున్నది. అక్షరాలు వంకర పోతే అక్షరాలనే తిట్టుకో.

నాలుగు పాయింట్ మూడు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అంతకు మించి దాని గురించి రాయలేను.

పొట్టోడు నిన్న పెద్దదాన్ని దాని పేరుతోనే పిలిచాడు. ఆ పిల్ల పలక్కుండా నిలబడిందట, మళ్ళీ పిలవాలని.

కొత్త బుడ్లు ఆరూ ఊకలో సర్ది పంపాను. పాతవాటిలో రెండు పంపాను. మూడోది పంపలేదు. పగిలిపోయిందని రాద్దామనుకున్నాను. మీ అత్తయ్య కూడా నేరం తన మీద వేసుకుంటానంది, ఎవరైనా నమ్ముతారని. రాసి, మళ్ళీ కొట్టేశాను. పగలలేదు. బాగానే ఉంది. నేనే ఇవ్వనంటున్నాను. మీ పెద్దమేడానికి ఆ మాటే చెప్పు. సంతకం ఎనిమిదింటికే పెట్టాను. మేత మాత్రం అయిపోవచ్చింది, ఎలా చేయాలో రాసి పంపు. మీ అత్తయ్య కాస్తుంది.

సూపర్‌వైజర్ మారాడు. కొత్తాయనకు ఆరో గాదె సంగతి తెలుసు కానీ, ఫ్యాను వచ్చి రెండు రోజులు తిరిగింది కాబట్టి ఆ పులిసిన ధాన్యం ఎత్తడానికి ఇవాళ మనుషుల్ని దించమన్నాడు. ముందు ఈ బుడ్డి దిగుతుందన్నాను. ఎంతసేపు అన్నాడు. వంద అన్నాను. ఆయన గడియారం చూసుకుంటూ పక్కన నిలబడ్డాడు. నేను తాడు కొసకు ఒక్క బుడ్డినే కట్టి అడుగుదాకా దించాను. అరవై దగ్గర ఆగబోయాను. దాటి లెక్కపెట్టాను.

నోటుబుక్కు ఇంకోటి కొన్నాను. మొదటి పేజీలో మొదటి వరుస ఇది, నీకు నకలు రాస్తున్నాను.

ఆగస్టు 30. ఆరో గాదె. సున్నా. ఎవరూ దిగలేదు.

ఒక లాగుడుతో,
మావయ్య